పాలపొడి డబ్బా రేకు

మా కోరుట్లలో సిస్టర్ల ఆడపిల్లల బడికి యాభై ఏళ్లు నిండాయని ఒక పుస్తకం వేశారు. అట్ట ఎంత నున్నగా ఉందంటే, ఈగ వాలినా జారిపడుతుంది. మొదటి పేజీలో బిషప్పుగారు, రెండో పేజీలో ఫాదరుగారు, మూడో పేజీలో హెడ్‌మిస్ట్రెస్ సిస్టరు. ఆ తర్వాత ఎనిమిది పేజీల నిండా బంగారం దుకాణాలవాళ్లూ బట్టల షాపులవాళ్లూ చెప్పిన శుభాకాంక్షలు. వాళ్లందరి వెనకాల, ఒకటిన్నర పేజీలో, బడి చరిత్ర. వేలు పెట్టి కూడబలుక్కుంటూ రెండు పూటలు చదివాను. జ్ఞానజ్యోతి నాలుగు చోట్ల ఉంది. అంధకారం ఐదు చోట్ల ఉంది. బీడీ అన్న మాట ఒక్క చోట కూడా లేదు.

ఆ అంధకారంలో చాప వేసుకుని కూర్చున్నదాన్ని నేను. అక్కడ చీకటేమీ లేదు. బడి నడిచిన ఇంటి మీద సగం పెంకులు లేవు గనక అవసరానికి మించే వెలుతురు ఉండేది. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నాలుగో తరగతి దాటనిదాన్ని. తప్పులుంటే మనవరాలు దిద్దుతుంది. బీడీ అన్న మాట మాత్రం కొట్టెయ్యొద్దని దానికి ముందే చెప్పాను.

మాది మేడిపల్లి. నాన్న తాళ్లెక్కి కల్లు గీసేవాడు. అమ్మ బీడీలు చేసేది. బీడీల కార్ఖానా దగ్గరగా ఉంటుందని నా ఏడో ఏట కోరుట్లకు వచ్చి పడ్డాం. ఆ ఏడే కేరళ నుంచి ఇద్దరు సిస్టర్లు వచ్చి ఒక పెంకుటిల్లు కిరాయికి తీసుకున్నారు. పొడుగు సిస్టరు మందులిచ్చేది. చిన్న సిస్టరు చదువు చెప్తానని ఇల్లిల్లూ తిరిగేది. మందులకు జనం వరస కట్టారు. చదువుకు మాత్రం ఒక్కరూ రాలేదు.

చిన్న సిస్టరు మా ఇంటికి వచ్చినరోజు అమ్మ ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. పక్కన నేనూ చుడుతున్నాను.

"అమ్మా, మీ పాపను బడికి పంపండి. చదువు వస్తుంది" అంది సిస్టరు.

"పంపితె బీడీలెవలు జేస్తరు? నువ్వు జేస్తవా?" అంది అమ్మ, తలెత్తకుండానే.

సిస్టరు వెళ్లిపోయింది. ఒక పీడ వదిలిందనుకుంది అమ్మ. మరునాడు పొద్దున మళ్లీ వచ్చి, "బీడీలు కూడా బడికి తీసుకురమ్మనండి" అంది.

అమ్మ చేతిలో దారం ఆగిపోయింది. "గదేం బడే! బీడీల బడా?" అంది. కానీ వద్దనడానికి కారణం ఏమీ మిగల్లేదు. మా ఇంట్లో కారణం లేకుండా వద్దనే అలవాటు లేదు.

అట్లా మొదలైంది బడి. ఇరవై మందిమి చాపల మీద వరసగా కూర్చునేవాళ్లం. ఒళ్లో చాట, చాటలో తడిపిన తునికాకు, తంబాకు, దారపు ఉండ. సిస్టరు ఎక్కం చెప్పేది. మేం ఎక్కం అప్పజెప్తూ బీడీ చుట్టేవాళ్లం. రెండొకట్ల రెండుకు ఒక బీడీ, రెండు రెళ్ల నాలుక్కి ఇంకొకటి. సులువైన ఎక్కాలనాడు కట్టలు కట్టలు అయ్యేవి. పదమూడో ఎక్కంనాడు మాత్రం ఇంటికి పోయి దెబ్బలు తినేవాళ్లం. ప్రార్థనకు గంట కొట్టగానే చేతులు జోడించాలి. చుట్టేది సగంలో వదిలితే ఆకు విచ్చుకుంటుంది కదా, అందుకని జోడించిన చేతుల నడుమ ఒక్కొక్కరికి ఒక సగం బీడీ ఉండేది. దేవుడు చూసే ఉంటాడు. ఏమీ అనలేదు మరి.

ఆ ఏడు క్రిస్మస్‌కు పశువుల పాక కట్టారు. గడ్డి దొరకలేదు. మేం కత్తిరించి పారేసిన ఆకు తుక్కు పోగుచేసి, మెత్తగా పరిచి, దాని మీద బాలయేసును పడుకోబెట్టింది సిస్టరు. పక్కనున్న గొర్రెపిల్లలు తుమ్మలేదు గానీ, చూడవచ్చినవాళ్లు తుమ్మారు.

వచ్చిన చిక్కల్లా రాతతోనే. చేతులు బీడీలకు పోతే పలక పట్టేదెవరు? ఆ లెక్కన మా బ్యాచ్‌లో నోరు ఒక్కటే చదువుకుంది, చేతులు నిరక్షరాస్యంగా మిగిలాయి. అది చూసి చిన్న సిస్టరు ఒక ఉపాయం చేసింది. రోజుకు నలుగురి చాటలు తాను ఒళ్లో పెట్టుకునేది. "నువ్వు రాయి, నేను చుడతాను" అనేది. తెల్లటి అంగీ మీద తంబాకు పొడి రాలుతుంటే, కళ్లద్దాలు ముక్కు చివరికి దింపి, నాలుక కొంచెం బయటపెట్టి చుట్టేది. మా అమ్మ ఎకసెక్కానికి అడిగిన ప్రశ్నకు ఆమె అట్లా జవాబు చెప్పింది.

చుట్టింది గానీ, మహా వదులుగా చుట్టేది. కార్ఖానా గుమాస్తా మా కట్ట విప్పి, ఒక బీడీ తీసి కిందికి వంచేవాడు. తంబాకంతా జలజలా రాలిపోయేది.

"ఎవలు జేసిండ్రే గీ బీడీలు? గుడ్డిదా?" అనేవాడు.

"సిస్టరమ్మ" అని చెప్తే నమ్మేవాడు కాదు. అబద్ధాలాడుతున్నానని ఇంకో నాలుగు బీడీలు తీసి పారేసేవాడు.

ఇక రేకు సంగతి. తునికాకును ఒకే కొలతలో కత్తిరించడానికి ప్రతి ఇంట్లో ఒక చిన్న రేకు ముక్క ఉంటుంది. ఆకు మీద అది పెట్టి, చుట్టూ కత్తెర ఆడించాలి. రేకు తప్పితే బీడీ తప్పుతుంది. మా ఇళ్లల్లో ఇంటికి ఒకటే రేకు, అది అమ్మలకే కావాలి. కాన్వెంటులో పిల్లల కోసం బయటి దేశాల నుంచి వచ్చిన పాలపొడి డబ్బాలుండేవి. పాలు మేం తాగాక ఖాళీ డబ్బాలు గుట్టగా పడుండేవి. చిన్న సిస్టరు వాటిని బస్టాండు దగ్గర రేకుల పనివాడి దగ్గరికి మోసుకుపోయి, కొలత ప్రకారం కోయించి, అంచులు మడిపించి, తలా ఒకటి ఇచ్చింది. ఏ దేశపు ఆవుల పాలో, ఆ డబ్బాలు కోరుట్లలో బీడీలకు కొలతలయ్యాయి. ఆమె అంతటితో ఊరుకోలేదు. రేకు పైకెత్తి చూపించి, "ఇది దీర్ఘచతురస్రం. పొడవు ఇది, వెడల్పు ఇది" అని పాఠం చెప్పింది. నాకు వచ్చిన రేఖాగణితం అంతే. ఈరోజుకూ మర్చిపోలేదు.

ఒకసారి తనిఖీకి ఒక ఆఫీసరు వచ్చాడు. చాటలన్నీ దేవుడి గదిలో పెట్టి తలుపేశాం. "ఏమిటీ వాసన?" అన్నాడు ఆయన. అబద్ధం చెప్పకూడని మనిషి కదా సిస్టరు, "ఆకుల వాసన సార్" అంది. ఆయన పుస్తకంలో పరిసరాలు పచ్చగా ఉన్నాయని రాసి వెళ్లాడు.

నాలుగో తరగతి అయ్యాక అమ్మ నన్ను మానిపించింది. "ఎక్కాలచ్చినయి. ఇంక రానీకి ఏమున్నది?" అంది. పలక తిరిగి ఇచ్చేశాను. రేకు ఇవ్వలేదు. అడగలేదు గనక.

ఇప్పుడా బడి మూడంతస్తులు. పెద్ద గేటు, గేటుకో కాపలాదారు, లోపల గుహలో మరియమ్మ, ఆమె చుట్టూ రంగు రంగుల బల్బులు. పిల్లలు రెండు జడలు మడిచి కట్టి, తెల్ల సాక్సులు మోకాలి దాకా లాగి, గోడ వెంట చీమల్లా నడుస్తారు. మాట్లాడితే ఇంగ్లీషు, లేకపోతే మౌనం. సంబంధాలు చూసేవాళ్లు కూడా "సిస్టర్ల బళ్లె చదివింది, గొంతు లెవ్వది" అని చెప్పుకుంటారు. పెళ్లయిన ఆర్నెల్లకు ఆ గొంతు ఎక్కడ దాచిందో అత్తలకు తెలుస్తుందిలెండి.

నా కొడుకూ కోడలూ సిరిసిల్లలో మరమగ్గాల మీద పని చేస్తారు. మగ్గాల చప్పుడులో చదువు సాగదని పిల్లను నా దగ్గర వదిలారు. దాని తండ్రి ఏడో తరగతిలో ఆగాడు, నేను నాలుగులో ఆగాను. పదో తరగతి పరీక్ష రాయబోయే మొదటి మనిషి మా ఇంట్లో అదే.

అది తొమ్మిదిలో ఉండగా ఒకరోజు వచ్చి నా ముందు నిలబడింది.

"బాపమ్మా, స్కేలు కొనియ్యరాదే."

"స్కేలేం జేస్తది?"

"గీత గీస్తది."

"గీత గీయనీకి పైసలు వెట్టాల్నా? గీ రేకు దీస్కపో. అంచు సాఫుగ లేదా?"

"దాని మీద నంబర్లుండయే!"

"దోస్తు స్కేలు వక్కన వెట్టి సూదితోని గీసుకో. గీతలు గీతలే గదా."

నాకు ఏ వస్తువైనా ఊరికే పడుండటం నచ్చదు. పగలంతా రేకు నా ఇంట్లో ఖాళీగానే ఉంటుంది, ఆకు కత్తిరించడం సాయంత్రమే కదా. కాబట్టి పగలు బడికి, సాయంత్రం నా ఒడికి. ఏడాదిన్నర అట్లా నడిచింది. పిల్ల లెక్కల నోటుబుక్కులో దీర్ఘచతురస్రాలన్నీ ఒకే సైజులో ఉన్నాయని టీచరు ఎర్ర ఇంకుతో రాసింది. "అన్నీ ఒక్క సైజు లేకుంటె కార్ఖానాల దీస్కోరని చెప్పు" అన్నాను. పిల్ల చెప్పలేదు. చెప్పకపోవడమే మంచిదయింది.

పరీక్షలు నెల రోజులున్నాయనగా గేటు పక్కన కొత్త బోర్డు పెట్టారు. పొగాకు రహిత పాఠశాల. బోర్డు పెట్టాక పొగాకును పట్టుకోకపోతే బాగుండదు కదా. సంచులన్నీ దులిపించారు. మూడంతస్తుల బడిలో వాళ్లకు దొరికిన పొగాకల్లా మా పిల్ల కంపాస్ బాక్సులో రేకు మడతలో ఇరుక్కున్న పొడి. చీమ తలకాయంత ఉంటుంది. రేకు తీసుకుని, పిల్లను ఇంటికి పంపేశారు. పెద్దవాళ్లు వచ్చి టీసీ తీసుకుపోవాలన్నారట.

పిల్ల రెండు రోజులు గోడకు ఆనుకుని కూర్చుంది. ఏడవలేదు. మూడోరోజు అంది, "స్కేలు కొనియ్యమంటె కొనియ్యకపోతివి. ఇప్పుడు నేను గూడ నీ తీర్గనే ఇంట్లనే గూసోవాల్నా?"

నన్ను మాటనే మనిషి ఈ వాడకట్టులో లేరు. అది అంది. లేచి చీర మార్చుకున్నాను.

గేటు లోపల మరియమ్మ దగ్గర ఆగి దండం పెట్టాను. కొబ్బరికాయ తేలేదు. పని అయ్యాక చూద్దామని ఆమెతోనే చెప్పాను.

హెడ్‌మిస్ట్రెస్ సిస్టరు నా కోడలికన్నా నాలుగేళ్లు పెద్దదై ఉంటుంది. బల్ల మీద నా రేకును ప్లాస్టిక్ సంచిలో పెట్టి, పోలీసులు దొంగసొత్తు పెట్టినట్టు పెట్టింది. పక్కన టీసీ కాగితం.

"అమ్మా, ఇది పొగాకు రహిత పాఠశాల. మేము చాలా కఠినంగా ఉండాలి" అంది.

"నేనేమన్న బీడీ తాగుతన్నా సిస్టరమ్మా? జేస్తున్న, గంతే."

"అయినా వాసన వస్తుంది కదా."

"మీ బళ్లె సగం మంది పిల్లల తల్లులు బీడీలే జేస్తరు. గా చేతులతోనే ఫీజులు గడ్తరు. గా నోట్లకు రాదా వాసన?"

సిస్టరు మొహం గంజి పెట్టిన బట్టలా బిగుసుకుంది. "తండ్రి సిరిసిల్లలో ఉన్నారు కదా. అక్కడ చేర్పించండి" అని కలం తీసింది.

"నెల దినాలల్ల పరీక్షలు. గిప్పుడు ఎవలు జేర్చుకుంటరు? ఒక్క మాట ఇను. గా రేకు తిప్పి చూడు. ఎనుక అచ్చరాలున్నయి. గది మీ కాన్వెంటు పాలడబ్బా. గిదే బళ్లె నాకిచ్చిండ్రు."

తిప్పి చూసింది. ఉబ్బెత్తు అక్షరాలు నాలుగు ఇంకా ఉన్నాయి. అయినా నమ్మలేదు. "ఈ పాఠశాలలో బీడీలా? అసంభవం" అంది.

"చిన్న సిస్టరు ఎనుక ఇంట్లనే ఉన్నదట గదా. అడుగుదాం రా."

"ఆమెకు జ్ఞాపకశక్తి తగ్గిపోయింది."

"నాకు తగ్గలే. నడువు."

చిన్న సిస్టరు వరండాలో చక్రాల కుర్చీలో, చేతిలో జపమాలతో కూర్చుని ఉంది. ఇంకా చిన్నదైపోయింది. నన్ను చూసింది, గుర్తుపట్టలేదు. హెడ్‌మిస్ట్రెస్ చేతిలోని ప్లాస్టిక్ సంచిలోంచి రేకు తీసి ఆమె ఒళ్లో పెట్టాను. వేళ్లతో అంచు తడిమింది. జపమాల పక్కన పెట్టింది. కుండీలోంచి ఒక ఆకు తెంపి, రేకును దాని మీద పెట్టి, గోరుతో చుట్టూ గీసి చింపింది. ఆ ముక్కను రెండు అరచేతుల నడుమ పెట్టి, నాలుక కొంచెం బయటపెట్టి, చుట్టడం మొదలుపెట్టింది.

పై అంతస్తు కిటికీల్లోంచి తొమ్మిదో తరగతి మొత్తం చూస్తోంది. "లోపలికి వెళ్లండి! అందరూ లోపలికి!" అని హెడ్‌మిస్ట్రెస్ చేతులు ఊపింది. పొగాకు రహిత పాఠశాలలో ఎనభై ఏళ్ల సిస్టరు బీడీ చుడుతుంటే ఎవరు లోపలికి పోతారు?

ఆమె చుట్టి నా చేతికిచ్చింది. వంచి చూశాను. వదులు.

"గిన్నేండ్లయినా గుంజి చుట్టుడు రాకపాయె నీకు సిస్టరమ్మా" అన్నాను.

అప్పుడు నా మొహం వైపు నిదానంగా చూసింది. "పదమూడో ఎక్కం చెప్పు" అంది.

చెప్పాను. పదమూడేళ్ల తొంభై ఒకటి దగ్గర తప్పాను. "అదే. అక్కడే తప్పేదానివి" అని నవ్వింది.

ఆఫీసులోకి తిరిగి వచ్చాక హెడ్‌మిస్ట్రెస్ టీసీ కాగితం సొరుగులో పెట్టేసింది. పిల్ల రేపటి నుంచి రావచ్చంది, మూడు షరతుల మీద. కొత్త స్కేలు కొనాలి. రేకు బడిలోనే ఉండిపోవాలి. వరండాలో జరిగింది వరండాలోనే ఉండాలి. మొదటి షరతు నాకు కష్టంగా ఉంది, రెండోది ఇంకా కష్టంగా ఉంది. పిల్ల గోడకు ఆనుకుని కూర్చున్న తీరు గుర్తొచ్చి, అన్నింటికీ తలూపాను. ఇంటికి పోతూ స్కేలు కొన్నాను. దుకాణాయన ఏడాదిన్నర కింద నేను బేరమాడి వదిలిపోయిన స్కేలునే తీసి చూపించాడు. ఈసారి బేరమాడలేదు. మరియమ్మకు కొబ్బరికాయ కూడా కొట్టాను, చిన్నది.

ఆ నెలంతా పొరుగింటామె రేకు అడిగి తెచ్చుకున్నాను. అది వెంట్రుకవాసి పొట్టి. కార్ఖానాలో బీడీలు వెనక్కి తోశారు. ఎవరితోనూ చెప్పలేదు. పిల్ల పరీక్షలు రాసింది, పాసయింది. లెక్కల పేపరులో దీర్ఘచతురస్రం వచ్చిందా అని అడిగాను. "అచ్చింది బాపమ్మా. ఈపారి వేరే సైజుది" అంది.

బడులు తెరిచిన నెలలో ఉత్సవం చేశారు. పుస్తకం పంచారు. ఒక పిల్ల మైకులో చరిత్ర చదివింది. ఆరంభంలో ఇక్కడి బాలికలు హస్తకళలలో నిమగ్నమై ఉండేవారట. పక్కన కూర్చున్న నా వయసు ఆడవాళ్లు ముగ్గురు ఒకరి మొహాలొకరు చూసుకుని, తమ వేళ్ల వైపు చూసుకున్నారు.

కింది గదిలో ప్రదర్శన. అద్దాల పెట్టెలో, ఎర్ర మఖమల్ గుడ్డ మీద, నా రేకు. తోమి తళతళా మెరిపించారు. కింద చీటీ: పూర్వకాలపు గణిత బోధనోపకరణం. ఆ పెట్టె ముందు కర్ర పట్టుకుని, వచ్చినవాళ్లకు ఇంగ్లీషులో వివరించే పనికి నిలబెట్టింది, ఇంకా టీసీ తీసుకోని మా మనవరాలినే.

బిషప్పుగారు పైన మాట్లాడుతున్నారు. గదిలో మేమిద్దరమే ఉన్నాం.

"తాళంచెవి నీ దగ్గర్నే ఉన్నదా?"

"ఉన్నది. ఎందుకే?"

"స్కేలు తెచ్చినవా?"

పిల్ల నా వైపు చూసింది. దానికి చదువు బాగానే అబ్బింది, రెండోసారి చెప్పించుకోలేదు.

కాసేపటికి అందరూ దిగి వచ్చారు. బిషప్పుగారు పెట్టె ముందు ఆగారు. మనవరాలు కర్రతో చూపిస్తూ గడగడా చెప్పింది. మఖమల్ మీద పడుకున్న ప్లాస్టిక్ స్కేలును చూసి ఆయన గౌరవంగా తలూపారు. వెనకాల కుర్చీలో చిన్న సిస్టరు ముందుకు వంగి, కళ్లద్దాలు సర్దుకుని, "ఇది ప్లాస్టిక్ స్కేలు కదా" అంది, చాలా స్పష్టంగా.

హెడ్‌మిస్ట్రెస్ పెట్టె వైపు చూడలేదు. బిషప్పుగారి వైపు వంగి, "వయసు మీద పడింది. ఏమీ గుర్తుండదు" అని చెప్పింది. ఆయన జాలిగా చిన్న సిస్టరు తల నిమిరి ముందుకు పోయారు.

మరుసటి వారం పిల్లను కాలేజీలో చేర్చడానికి టీసీ కోసం వెళ్లాను. ఆనాడు సొరుగులోకి పోయిన కాగితం లాంటిదే. ప్రవర్తన అన్న గీత మీద, చాలా మంచిది అని రాసి సంతకం పెట్టింది హెడ్‌మిస్ట్రెస్.

"మీ వస్తువు గురించి దిగులుపడకండి అమ్మా. చరిత్రలో భద్రంగా ఉంది" అంది.

"ఉండనియ్యి సిస్టరమ్మా. మంచిగ జూస్కోండ్రి" అన్నాను.

టీసీని మడత పడకుండా పట్టుకుని తొందరగా ఇంటికి వచ్చేశాను. తడిపిన ఆకు కత్తిరించాల్సింది ఇంకా సగం అట్లాగే ఉంది.